తాడు కన్నం

బొల్లారంలో దొర బంగళా.
వారసత్వ జాబితా కోసం కొలతలు రాసుకుంటున్నాను.
గోడ మందం రెండడుగుల నాలుగంగుళాలు,
మద్రాసు కప్పు, బర్మా టేకు దూలాలు,
వరండాకి ఆరు స్తంభాలు –
ఒకటి బోలు, తడితే తెలుస్తుంది.

సున్నం గీకుతున్న మైసయ్య పిలిచాడు:
"సారూ, గీ పొక్క పూడ్వాల్నా?"

పడకగది గోడలో, నేలకి జానెడెత్తున.
అంచు ఒకవైపే అరిగి నున్నగా ఉంది.
వేలు పెట్టి చూశాను.
అటువైపు వరండా. ఎండ.
కూర్చుని లాగితే ఇంత కింద ఉండదు.
పడుకుని, కాలి బొటనవేలికి తాడు కట్టుకుని
ఎన్ని వేసవులు ఊపాడో పంకాని,
లోపల ఎవరో నిద్రపోవడానికి.

ఫారంలో కట్టించినవాడి పేరుకి గడి ఉంది.
'లోపాలు' అన్న గడి కూడా ఉంది.

"ఉండనీ మైసయ్యా" అన్నాను.
అతను అప్పటికే
తాపీ పక్కన పెట్టి
కన్నంలోకి నోటితో ఊదుతున్నాడు,
దుమ్ము పోవడానికి.