పాతిక మైళ్ళ వేగం

మూడున్నరకి ఫోను మోగుతుంది.
లూసియన్ "లే" అనడు.
"పద్నాలుగు అంగుళాలు" అని పెట్టేస్తాడు.
మా షెడ్డులో పలకరింపులన్నీ కొలతలే.

నా బండి నంబరు నలభై రెండు.
ముందు పదకొండు అడుగుల బ్లేడు, కుడిపక్క రెక్క,
వెనక ఎనిమిది టన్నుల ఉప్పూ ఇసకా.
హీటరు ఎడమకాలిని కాలుస్తుంది, కుడికాలిని మరిచిపోతుంది.
పదిహేడేళ్ళుగా నాకు రెండు రుతువులు ఒకేసారి.

సుపీరియర్ సరస్సు మీంచి వచ్చే మంచు
పడదు, అడ్డంగా నడిచొస్తుంది.
హెడ్‌లైట్ల వెలుగులో దారి కనపడదు,
ఇటొక కర్ర, అటొక కర్ర.
అక్టోబరులో నేను పాతినవే
జనవరిలో నేను నమ్మాల్సినవి.

డాష్‌బోర్డు మీద ఒక నోటుబుక్కు.
విరగ్గొట్టినవన్నీ రాయాలి, రూలు.
ఈ ఏడు పోస్టుపెట్టెలు ఆరు, కంచె ఒకటి,
చర్చి ముందు పిల్లలు నిలబెట్టిన మంచుమనిషి.
మంచుమనిషిని రాయక్కర్లేదన్నాడు లూసియన్.
రాశాను.
ఆరింటిలో మూడు ఆర్విడ్ రూవోనావే.
మూడోసారికి ఆఫీసుకి ఉత్తరం పెట్టాడు:
"ఆడమనిషి చేతికి బ్లేడిస్తే ఇంతే."
మావాళ్ళు దాన్ని కాఫీ మిషను పక్కన గోడకి అంటించారు.
టేపు అందించింది నేనే.

విరగనివి రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, రేడియోలో వెర్నా.
అంబులెన్సు తోలేది తనే.
"నలభై రెండూ, నీ వెనకే ఉన్నా.
ఆసుపత్రి దాకా దారి తియ్యి."
పంతొమ్మిది మైళ్ళు.

అద్దంలో ఎర్రదీపం గిర్రున తిరుగుతోంది.
కాలు కిందికి, ఇంకా కిందికి పోతానంటోంది.
కానీ వేగం పెరిగితే బ్లేడు
మంచుని తొయ్యదు, లేపుతుంది.
నా వెనక తెల్లగోడ ఒకటి లేస్తుంది,
ఆ గోడలో వెర్నాకి కళ్ళుండవు.
అందుకని పాతిక.
వెనక ఎవరిదో ప్రాణం కొట్టుకుంటుంటే
ముందు నేను పెళ్ళినడక నడిచాను,
తొందరనంతా దవడల మధ్య నొక్కిపట్టి.

ఎవరని అడగలేదు. తను చెప్పలేదు.
వంతెన మీద, అతుకులకి తగలకుండా
బ్లేడు అరంగుళం ఎత్తాను.
రాపిడి ఆగిన ఆ ఒక్కచోటే
నా ఊపిరి నాకు వినపడింది.

ఆసుపత్రి మలుపులో
అద్దంలోంచి ఎర్రదీపం తప్పుకుంది.
ఇంకాస్త ముందుకెళ్ళి బండి తిప్పి
అవతలివైపు తోసుకుంటూ వచ్చాను.
రోడ్డుకి అవతలివైపు కూడా ఉంటుంది కదా.

మేలో, నేల మెత్తబడ్డాక,
ఆ నోటుబుక్కు పట్టుకుని
ఇంటింటికీ కొత్త గుంజ, కొత్త పెట్టె.
ఆర్విడ్ వరండాలో కూచున్నాడు, సగమయ్యాడు మనిషి.
చొక్కా గుండీల మధ్య నిలువునా కోత మచ్చ.
ఫిబ్రవరిలోనట. గుండె.
"ఆ వెర్నా ఎంత మెల్లిగా తోలిందో తెలుసా?
నడిచెళ్ళినా ముందే చేరేవాణ్ణి" అన్నాడు.

గుంజ చుట్టూ మట్టి తొక్కుతున్నాను.
ఒక బూటుతో, తర్వాత రెండోదానితో.
నోటిదాకా ఏదో వచ్చింది.
దాన్నీ మట్టితోపాటే తొక్కేశాను.

"వంకరగా ఉంది" అన్నాడు, కుర్చీలోంచే.
జేబులోంచి రసమట్టం తీసి ఆనించి చూశాను.
బుడగ ఎడమకి జరిగి ఉంది.
నిజమే.
పార అందుకున్నాను.