రిమార్కుల గడి

లాగ్‌బుక్కులో ఆఖరి గడి ఇరుకు.
తేదీ, విమానం నంబరు, గంటలు, నిమిషాలు,
అన్నీ పోగా మిగిలిన బొటనవేలంత జాగా: రిమార్కులు.
నేనందులో ఇప్పటిదాకా ఏమీ రాయలేదు.

నూట ఎనభై ఏడు గంటల నలభై నిమిషాలు.
లైసెన్సుకి రెండొందలు కావాలి.
తక్కువైన పన్నెండు గంటల ఇరవై నిమిషాల కోసం
ఎనిమిది నెలలుగా గన్నవరం షెడ్డులో
నీడ జరిగినప్పుడల్లా కుర్చీ జరుపుకుంటున్నాను.

బ్రోషరులో నాలుగు విమానాలు.
ఖాజావలి లెక్కలో ముప్పావు.
ఒకదాని ఇంజన్ ఓవర్‌హాల్‌కి పోయింది,
బిల్లు మాత్రం తిరిగొచ్చింది.
ఇంకొకటి చక్రాలిచ్చి, అద్దమిచ్చి, రేడియో ఇచ్చి,
చివరికి సీటుబెల్టు కూడా విప్పి ఇచ్చేసి
ఇటుకల మీద కూర్చుంది.
మూడోదానికి ఇన్సూరెన్సు లేదు.
నాలుగోది ఎగురుతుంది,
ప్రొపెల్లరు చెన్నై కస్టమ్స్ వదిలితే.
దానికోసం పదకొండుమందిమి.

నాన్న ఆటోనగర్లో లారీ డైనమోలు చుడతాడు.
ఫీజు రెండో విడత కట్టిన రోజు వచ్చి
మూత తీసిన ఇంజన్లోకి తొంగిచూసి
"నాలుగు సిలిండర్లేనా?" అని చిన్నబోయాడు.
లారీకి ఆరుంటాయి మరి.
మళ్ళీ వంగి మాగ్నెటోలు చూశాడు. ఒకటి కాదు, రెండు.
"ఒకటి పోయినా ఇంకోటి లాక్కొస్తది" అన్నాడు ఖాజావలి.
నాన్న వేలితో తాకి, ఆ నూనె ప్యాంటుకి తుడుచుకున్నాడు.
ఇంటికెళ్ళి అమ్మతో ఒక్కటే ముక్క:
"రెండున్నాయిలే."

కళ్ళు, చెవులు, గుండె, ఉచ్చ,
అన్నిటి మీదా డాక్టర్ల సంతకాలయ్యాయి.
ప్రతి పేపర్లోనూ నూటికి డెబ్బై రావాలి.
నావిగేషన్ వచ్చింది, రూల్సు వచ్చాయి,
వాతావరణం రెండుసార్లు పోయింది.
మే నెలలో బెజవాడలో పుట్టినదాన్ని,
వేడిగాలి పలచనని, రెక్కకి పట్టు చిక్కదని,
బండి రన్‌వే ఎక్కువ తింటుందని
కాగితం మీద తప్పు రాశాను.
ఒక మిట్టమధ్యాహ్నం, కంచె దగ్గరకొస్తున్నా
చక్రాలు నేలను వదలనప్పుడు
వీపుకి తెలిసింది.

ఆఖరిసారి ఒక్కదాన్నే పోయింది ఫిబ్రవరిలో.
బ్యారేజీ డెబ్బై గేట్లూ దువ్వెన పళ్ళు.
కిందికి, పళ్ళకి చిక్కిన వెంట్రుకల్లా
రెండు మూడు నీటిపాయలు.
గుంటూరు వైపు మసకలో, నేలమీద ఎర్రటి చాపలు.
కల్లాల్లో మిరపకాయలు.
రెండువేల అడుగుల ఎత్తుకి ఘాటు రాదు.
అయినా తుమ్మాను.
పటంలో పెన్సిలుతో రాసుకున్నాను: మిర్చి దగ్గర ఎడమకి.

కెప్టెన్ బెహరా దాన్ని కొట్టేశాడు.
"గుర్తంటే ఎప్పుడూ ఉండేదమ్మా. కాలవ, రైలుకట్ట, కొండ.
బస్తాల కెత్తాక ఏం చూసి తిరుగుతావ్?"

సాయంత్రాలు ఇటుకల మీది విమానంలో కూర్చుంటాను.
లేని స్టీరింగు పట్టుకుంటాను.
ఇరవై ఆరేళ్ళుగా ఇంజన్ల దగ్గు విని మందు చెప్పే ఖాజావలి,
ఒక్కసారీ పైకి పోనివాడు,
డ్రమ్ము మీద కూర్చుని టవరవుతాడు.
"గాలి పడమట, పది నాట్లు, దిగొచ్చు" అంటాడు.
దిగుతాను. "మళ్ళీ" అంటాడు.
రన్‌వే మీద నిజం విమానం వాలినప్పుడు
ఇద్దరం మాట ఆపి దాని చక్రాల పొగ చూస్తాం.

ఇవాళ ప్రొపెల్లరొచ్చింది. నా వంతు యాభై నిమిషాలు.
రన్‌వే కొసన బ్రేకులు బిగించి
తాళం ఒక గడి తిప్పాను: ఇంజన్ కాస్త గొంతు తగ్గించి, నిలబడింది.
రెండోవైపు తిప్పాను: నిలబడింది.
అక్కడ కావలసినదానికంటే ఎక్కువసేపే ఉన్నాను.
టవరు రెండుసార్లు పిలిచిందట.

పైన అక్టోబరు. గేట్లన్నీ ఎత్తేశారు,
దువ్వెన కనపడలేదు, ఎర్రనీళ్ళే.
గుంటూరు వైపంతా పచ్చ.
ఎక్కడ తిరగాలో అక్కడే తిరిగాను.

దిగాక రెక్క కింద నిలబడి రాశాను,
ఇంకా పదకొండున్నర గంటలు.
పక్క గడిలో, చిన్న అక్షరాలతో:
మాగ్నెటోలు రెండూ బాగున్నాయి.

"పెన్ను ఇస్తావా?" అంది సీటు వెనక్కి జరుపుకుంటూ
నా తర్వాతి పిల్ల.