ఏడు గంటల వెలుగు

తాళంచెవితో పాటు ఓ కాగితం చేతిలో పెట్టాడు ఓల్డ్రిహ్.
"మూడు వారాలే జ్డెంకా,
ఊపిరితిత్తులు ఉతికి ఆరేస్తారట"
అని నవ్వబోయి దగ్గాడు.
అంబులెన్సు వాళ్లు లిఫ్టు కోసం ఆగారు,
ఆ తర్వాత దగ్గు కోసం ఆగారు.

కాగితం నిండా గని మనిషి చేతిరాత,
చీకట్లోనైనా చదవాలన్నట్టు పెద్ద పెద్ద అక్షరాలు:

దీపం ఏడు గంటలు. ఎనిమిదో గంట నాచుకి పండగ.
ఆదివారం సగం నీళ్లు తీసి సగం పొయ్యి.
వేడీ కాదు, చల్లనా కాదు,
నీళ్లలో ఉన్నానన్న సంగతి నీ చెయ్యి మరిచిపోవాలి.
అనూబియస్ దుంపని ఇసకలో పాతావో, కుళ్లుతుంది.
రాయికి నల్లదారంతో కట్టాను, అలాగే ఉండనీ.
సీసాలో చక్కెర, చిటికెడు ఈస్టు.
బుడగలు ఆగితే మళ్లీ కలుపు.
నత్తల జోలికి పోకు, వాటి పని అవి చేసుకుంటున్నాయి.

చేపల గురించి ఒక్క ముక్క లేదు.
ఆరు చేపలున్నాయి,
అద్దెకున్నవాళ్లలా ఒద్దికగా తిరుగుతూ.

నాది రాత్రి ట్రామ్.
ఓస్ట్రావా చివరి స్టాపులో బండి అప్పగించి
మంచు దులుపుకుని పడుకుని, మధ్యాహ్నం లేచి
ఐదో అంతస్తు ఎక్కి తలుపు తీస్తే
పులిసిన పిండి వాసన, పచ్చటి గది.
డిసెంబర్లో ఊరంతటికీ అదొక్కటే పచ్చన.

ఈ నెలల్లో తెల్లారకముందే గనిలోకి దిగి
పొద్దుగూకాక పైకొచ్చేవాడు.
ఎండంటే ఆదివారమే.
ముప్పై ఏళ్లు వెలుగుకి ముఖం వాచినవాడు
వెలుగు ఎక్కువైనా చెరుపే అని రాశాడు చూడు.

తొట్టి పక్కన బల్ల మీద ఒక బొగ్గుపెళ్ల.
దాని మీద ఫెర్ను రెమ్మ,
ఈనె ఈనె లెక్కపెట్టొచ్చు.
ఆఖరి షిఫ్టులో అన్నం డబ్బాలో దాచి తెచ్చాడట.
దాన్ని కూడా తుడవాలా? కాగితంలో లేదు.
తుడిచాను. గుడ్డ నల్లబడింది.

ఇక నా నిర్వాకం.
మూలనున్న క్రిప్టోకొరైన్ వంకరగా ఉందనిపించి
పీకి నడిమధ్యన నాటాను.
నా కంటికి బాగుంటుందని.
మూడో రోజుకి ఆకులు గాజులా పలచబడ్డాయి,
ఐదో రోజుకి జావ.
వలతో తోడుతుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి.

ఫోన్ చేశాను.
అవతల గొట్టంలో గాలి బుసబుస.
"కదిపావా?"
"కొంచెం."
"కొంచెమేమిటి! అది అలుగుతుంది.
ఆకులన్నీ వదిలేసుకుని కూర్చుంటుంది. పీకకు.
కింద వేళ్లున్నాయి.
గని మూసేశాక మూడేళ్లు నేను సోఫాలోంచి లేవలేదు,
నన్నెవరైనా పీకి పారేశారా?"
పీకింది కదా వాళ్ల హానా, సూట్‌కేసుతో సహా, అనబోయి ఊరుకున్నాను.

ఆ మధ్యాహ్నం, దీపం వెలిగిన ఐదో గంటలో
ఆకుల అంచుల వెంట ముత్యాలు.
ఒక్కొక్కటే ఉబ్బి, ఊగి, తెగి పైకి.
తొట్టంతా మెల్లగా పొంగుకొస్తోంది.
ఆసుపత్రిలో ఆయనకి ముక్కుగొట్టంలోంచి
కొలిచి కొలిచి ఇస్తున్నది
ఇక్కడ ఊరికే పోతోంది.
అద్దానికి ముక్కు ఆనించి
ఎంతసేపున్నానో, కాఫీ చల్లారిపోయింది.

మూడు వారాలు ఆరయ్యాయి.
వచ్చాడు, వెంట గుర్రుమనే ఓ యంత్రంతో.
గదిలో ఉన్నది ఒకటే ప్లగ్గు.
తొట్టి తీగ తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు,
ఎక్స్‌టెన్షన్ కోసం నేను నా ఇంటికి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి కుర్చీ లాక్కుని కూర్చునున్నాడు.
నడిమధ్యన, ఖాళీ ఇసకలో,
అగ్గిపుల్ల తలంత గోధుమరంగు చుట్ట.
ఆకో కాదో నాకైతే తెలియలేదు.
"మూలకి మార్చెయ్యనా?" అన్నాను.
"మళ్లీనా?" అన్నాడు.

తాళంచెవి ఇవ్వబోతే చూడనట్టే ఉన్నాడు.
గడియారం వంక చూసి,
"ఇంకా పద్దెనిమిది నిమిషాల వెలుగుంది,
కూర్చో" అన్నాడు.