బీడీ నలభై ఒకటి

రాత్రి రెండింటికి సొహార్ నిద్రపోతది.
ఏసీలు మాత్రం పోవు.
పద్నాలుగేండ్ల సంది నా పని ఒక్కటే:
ఇనుపకడ్డీ ఒక కొన రోడ్డుకు, ఇంకో కొన చెవికి ఆనిచ్చి
నీళ్లు ఎక్కడ తప్పించుకుంటున్నయో వినుడు.

ఈడ నీళ్లంటే
సముద్రం మెడ పిసికి తీసిన నీళ్లు.
చుక్కచుక్కకూ కరెంటు బిల్లున్నది.

పోయిన చలికాలం పైపులకు చెవులు మొలిచినయ్.
అరచెయ్యంత పెట్టెలు, వాల్వుకొకటి,
చీకట్ల అయస్కాంతం పట్టుకొని ఏలాడే గబ్బిలాలు.

ఇంజనీరు హమ్దాన్ నన్ను సల్లటి గదిల కూసోబెట్టి
చెవులకు డొప్పలు తొడిగి
మూడు వేల చప్పుళ్లు వినిపిచ్చిండు.
"ఇదేంది? మరి ఇది?"
లారీ. మోటరు. మసీదు కాడ వజూ నల్లాలు.
ఇది...
ఆగు. ఇదే లీకు.
"ఎట్ల తెలిసింది?"

ఎట్ల చెప్పాలె?
ఆర్మూర్ల మా గల్లి ఆడోళ్లు
తడిపిన తునికాకును కత్తెరతోని కోస్తుంటే
వాకిట్లకెల్లి వాకిట్లకు పాకే సన్నటి సర్ర్...
అది వినుకుంటనే కదా నేను పండింది, లేచింది.
వచ్చీరాని హిందీల "బీడీ" అన్న.
ఆయన "బీడీ" అనే కొట్టుకున్నడు.

ఇప్పుడు గోడంత తెర.
అండ్ల ఊరు ఊరంతా
నరాలు తేలిన చెయ్యి లెక్క.
నిన్న సల్లాన్ దిక్కు ఎర్రచుక్క వెలిగింది.
పోయి కడ్డీ పెట్టిన. ఏం లేదు.
ఊపిరి బిగబట్టి మళ్ల పెట్టిన. ఏం లేదు.
తవ్వితే, వెంట్రుకంత పగులు.
నేర్పినోని కంటే ముందుగాల విన్నది.
కోపం రాలే.
కడ్డీ జర బరువైంది, అంతే.

కంట్రోల్ రూంల కొత్తగ చేరిన శైమా
ఫోన్ల అడిగింది:
"లింబాద్రీ, బీడీ నలభై ఒకటి మూసినవా?"
మూసిన.
"బీడీ అంటే ఏంది? ఇంగ్లీషు మాటనా?"
కత్తెర ఉంగరం కాడ కాయలు గాసిన వేళ్లను
ఏ భాషల చూపియ్యాలె ఆ పిల్లకు?
"నీళ్లు కారే చప్పుడమ్మా" అన్న.
రాసుకున్నట్టుంది.

క్యాంపుకొచ్చేసరికి తెల్లారింది.
ట్యాంకరు పోసిపోయిన తొట్టి, దాని నల్లా, కింద పగిలిన బకెట్.
టప్.
చాలాసేపటికి, టప్.
ఈ నల్లా ఏ తెర మీదా లేదు.

సంచి బోర్లిచ్చి
వాషర్ ఎతుకుతున్న.