ముందు లోపలికి

మాది పడగొట్టే పని.
గిరింపేటలో మూడు మిద్దెలు, కట్టమంచిలో ఒక రైసు మిల్లు,
అన్నీ సమ్మెటతోనే.
ఆ చేత్తోనే వచ్చాను బెల్లం మండీకి.
మండీ లేదిప్పుడు. చెక్క తట్టు మాత్రం మిగిలింది,
చెమ్మ తగలకుండా అచ్చులు పేర్చిన టేకు పలకలు నలభై ఆరు.
"అడుగు లెక్కన అమ్ముతా, చీలితే పొయ్యిలోకే"
అని షావుకారు ఫోను చెవిలో పెట్టుకొని పోయాడు.

మొదటి పలకే పగిలింది నా చేతిలో.
గడ్డపార దూర్చి ఒక్క తోపు తోశాను.
మేకు కదల్లేదు, చెక్కే లేచింది
కొబ్బరి మట్ట చీల్చినట్టు.

మొగిలప్ప తిట్టలేదు.
బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకొని వచ్చి కూర్చున్నాడు.
"తుప్పు పట్టిందప్పా. చెక్కను కరుచుకొని ఉండాది.
లాగితే ఇంకా కరుస్తాది.
ముందు లోపలికి కొట్టు."
లోపలికా?
"ఒక్క నూలంత. పట్టు ఇడిపించేదానికి."

టక్.
ఎక్కడో కీచుమంది.
చెనిక్కాయ నూనె రెండు చుక్కలు తల చుట్టూ వేసి
పక్కదానికి జరిగాడు. టక్. దాని పక్కదానికి.
వరస అయ్యాక మళ్ళీ మొదటిదాని దగ్గరికి.
ఈలోపల అది ఆలోచించుకొని ఉంటుందట.

సుత్తి కింద రేకు, రేకు కింద చింతచెక్క ముక్క,
బరువు పలక మీద పడకుండా.
సగం లేచాక ముక్క మార్చు, ఎత్తుది పెట్టు,
వంగిందంటే బొక్క పెద్దదవుతాది.
తల ఊడిన మేకైతే పలక తిప్పి
మొన మీద ఇంకో మేకుతో తట్టు.
మధ్యాహ్నానికి నాకూ వచ్చాయి, పదకొండు.

ముప్పై నాలుగో పలక దగ్గర ఆగాడు.
ఒక మేకు పక్కకు ఒరిగి, తల సగం చెక్కలో కూరుకుపోయి,
చుట్టూ సుత్తి మచ్చలు, గోటి గుర్తుల్లాగా నాలుగు.
వేలితో తడిమాడు.
"ఇది నాదే."
తొమ్మిదేండ్లంట అప్పుడు. మచ్చకొకటి లెక్కన
వీపు మీద వేశాడంట పెద్ద మేస్త్రీ.

"ఇడిసిపెడదామా?" అన్నాను.
మాట్లాడలేదు. ముందు లోపలికి కొట్టాడు,
అన్నిటికి కొట్టినట్టే.
నూనె వేశాడు.
పక్కదానికి మాత్రం జరగలేదు. దాని ముందరే కూర్చున్నాడు,
ఆరిన బీడీ అట్లాగే చెవి మీద.

వంకరగా దిగింది, వంకరగానే వచ్చింది.
పలక చీలలేదు.
డాల్డా డబ్బాలో పడి ఖంగుమంది.
పొద్దు గూకేటప్పుడు డబ్బా గుమ్మరించి, రాయి మీద
వంగినవన్నీ సరిచేస్తూ కూర్చుంటే
నేను వెతికాను, అది ఏదా అని.
తెలీలేదు.

గోడకు చేర్చిన పలకల్లో వరసగా బొక్కలు,
వాటిలోంచి వెలుతురు సన్నంగా.
ఎన్నేండ్ల పాకం ఇంకిందో లోపల.
ఒక చీమ అంచు మీద నిలబడి
మీసాలాడించి
దిగింది.