చెవిగుర్తు

కత్తెర పడ్డనాడు
దొడ్డి నిండ నల్లటి బొచ్చు కుప్ప.
గొంగడి నేసే ఓదెలు, చేతులు వణుకుతున్నయని
మగ్గం విప్పి అటుక మీద పెట్టినకాడి నుంచి
ఆ కుప్పకు గిరాకి లేదు.
చెల్క గట్టున పారబోస్తరు, గాలికి కంపలకు చిక్కుతది.
ఈసారి నేను రెండు సంచులు ఎత్తిపెట్టుకున్న.

పరకాలల నాలుగొద్దులు పని నేర్పిన మేడం
తెల్లటి ఉన్ని తెచ్చింది,
చలిదేశపు గొర్రెదట, ముట్టుకుంటే వెన్న.
నా సంచిల చెయ్యిపెట్టి
"ఇది గుచ్చుతదమ్మా, పిల్లల బొమ్మలకు పనికిరాదు" అన్నది.
గుచ్చుతది, నిజమే.
గొంగడి కప్పుకున్న మొదటి రాత్రి
నా గోకుడు చూసి మా ఇంటాయన నవ్విండు.
మూడో చలికాలానికి
అది లేకుంటే నాకు నిద్ర రాకుంట అయింది.

ముందుగాల ఏరాలె:
పల్లేరుకాయలు, తుమ్మముల్లు, ఎండిన పెంటికలు,
కత్తెర తప్పినచోటి నెత్తురు చుక్క ఒకటి.
కుంకుడు నురుగుల మూడుసార్లు పిండినా
నాలుగోసారి నీళ్లు చాయ్ రంగే.
ఏకిన ఉన్ని పొర మీద పొర, అడ్డం ఒకటి నిలువు ఒకటి,
కాగిన నీళ్లు చల్లి
రెండు అరచేతుల నడుమ ఉండ చుట్టాలె.
ఊకనే గట్టిగ వత్తితే పగులుతది.
మెల్లగ మొదలువెట్టి
కోపమంతా ఆఖరుకు దాచుకోవాలె.

దారం లేదు. ముడి లేదు.
వెంట్రుక పోయి వెంట్రుకను పట్టుకుంటది,
ఇగ విడిపించుడు నా తోని కాదు.

తర్వాత సూది.
పోస్టుల వచ్చింది, కంటికి ఆనని పండ్లు దానికి.
లోపటికి పోయేటప్పుడు నాలుగు పోగులు ఈడ్చుకపోతది,
బయటికి ఉత్తగ వస్తది.
పొడువంగ పొడువంగ మూతి తేలింది,
మోకాళ్లు తేలినయి.
ఎన్ని పోట్లు గొర్రెకో, ఎన్ని నా చూపుడువేలుకో.
ఒకదాని కడుపుల నా నెత్తురుంది,
అమ్మేటప్పుడు చెప్పలే.

మామ కొమురెల్లి మంచం మీదికెల్లి చెయ్యి చాపిండు.
మోకాళ్లు పోయినంక మంద ఎంట పోతలేడు.
అటు తిప్పిండు, ఇటు తిప్పిండు,
అంగట్ల పండ్లు చూసినట్టు మూతి ఎత్తి చూసిండు.
"ఎన్నో ఈత?" అని అడిగిండు.
"బొమ్మకు ఈతేంది మామా."
ఆయన ఇంకేం అనలే.

తెల్లారి లేచి చూస్తే
నాలుగింటికి కుడిచెవి కొసకు గాటు,
వాళ్ల తాత నాటి నుంచి మా మందకున్న గాటే.
కోసినకాడ ఒక్క పోగు ఊడలే, అదొక్కటే మెచ్చుకోవాలె.
"వేరే మందల కలిస్తే ఎట్ల పడ్తవు?" అన్నడు.
నూటెనభై రూపాయల బొమ్మ ఒక్కోటి.
రెండొద్దులు నేను ఆయనతోని మాట్లాడలే.

హన్మకొండ చౌరస్తకాడ దుకాణం.
స్వర్ణలత మేడం చెవి పట్టి చూసి
"డ్యామేజీ" అని ముప్పై తగ్గించి రాసుకున్నది.

ముసురు వట్టిన వారం ఫోన్ చేసింది.
కప్పు కారిందట, బొమ్మలు తడిసినయట,
"దుకాణమంతా గొర్రె వాసన,
వచ్చినోళ్లు వచ్చినట్టే పోతున్నరు, నీవి నువ్వు తీస్కపో."
మామకు చెప్తే
"వాన పడ్డది గదా, రాదా మరి" అని
చేతిల బీడీ ఆరిపోయేదాక నవ్విండు.

నేను పోయేసరికి కరెంటు లేదు.
ఎనక అర్రల గంపెడు బొమ్మలు,
ఎవరెవరు చేసినయో,
ఏనుగులు, కుందేళ్లు, పిట్టలు,
అన్ని తడిసి చీకట్ల ఒక్కతీరు.
మోచెయ్యి దాక పెట్టి
చెవులు తడుముకుంట పోయిన.
ఒకటి.
ఇంకోటి.
అడుగున, ఏనుగు కింద, మూడోది.

నాలుగోది అమ్ముడువోయిందట,
కొన్నోళ్ల పేరు రాసుకోలేదట.
ఏ ఇంట్ల టీవీ పక్కన నిలవడ్డదో.

తడిసంచి ఒళ్లె పెట్టుకుంటే
ఆటోల పక్కామె ముక్కు మూసుకొని జరిగింది.
ముసురు ఇంకా రెండొద్దులు ఉంటదని
ముందట కూసున్నాయన ఎవరితోనో అంటున్నడు.