ఒరిగిన పాచిక

అమగసాకిలో, గొడుగులు బాగుచేసే దుకాణం పైగదిలో
ఒక ద్వీపం పుట్టింది.
కుసాకా పులుసుగిన్నె తొణికించాడు.
వార్తాపత్రిక మీద మరక పాకింది.
తుడవబోయిన నా చెయ్యి పట్టి ఆపి
పెన్సిలుతో దాని అంచు వెంట గీసుకుంటూ పోయాడు.
ఉత్తరాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కొమ్ము
నిజానికి నా బొటనవేలు.
ఇప్పుడు దాన్ని గోడలకు అంటించుకుంటున్నారు,
నౌకలు అక్కడే మునిగాయని చెప్పుకుంటున్నారు.

అయిదుగురం. కొతాత్సు బల్ల కింద పది కాళ్ళు,
బల్ల మీద నారింజ తొక్కలు,
డ్రాగన్‌కి బదులు సగం అరిగిన రబ్బరు.
నేను ఎల్ఫ్‌ని. మూడువందల ఏళ్ళదాన్ని,
పడిశం పట్టినదాన్ని.
మినెగిషి మరుగుజ్జు వీరుడు.
పగలు బోల్టుల ఫ్యాక్టరీలో మరలు కోసేవాడు,
రాత్రి మా కోసం గొడ్డలి పట్టేవాడు.
వాడి పాచిక ఏనాడూ పారలేదు.
తలుపు తియ్యాలన్నా, గాడిదను బుజ్జగించాలన్నా
మూడో, నాలుగో.
ఇరవై ముఖాలున్నాయని
వాడు మా మాట మీద నమ్మాడంతే.

మూలన టేపురికార్డర్ తిరుగుతుండేది.
ఆడినదాన్ని ఆడినట్టే పత్రికలో వేస్తామన్నారు.
వేశారు.
నా తుమ్ములు తీసేశారు,
కింద గొడుగులాయన చీపురుకర్రతో
మా నేలను పొడవడం తీసేశారు.

ఆ రాత్రి వంతెన మీద మినెగిషి ఒక్కడు.
అవతల సేన. ఇవతల పరుగులో మేం నలుగురం.
పాచికను అరచేతుల్లో ఊది విసిరాడు.
అది బల్ల దిగి, వాడి మోకాలికి తగిలి
దుప్పటి కిందికి దూరింది.
దాని వెనకే నేనూ.
లోపల ఎర్రటి వెలుతురు, మేజోళ్ళ వాసన,
హీటరు తీగకు ఆనుకుని ఒరిగి ఉంది పాచిక
ఒకటికీ పంతొమ్మిదికీ మధ్య గట్టు మీద,
ఎటూ తేల్చుకోలేక.

మళ్ళీ వెయ్యమనాలి. అది నియమం.
పదకొండు నలభైకి ఆఖరి రైలు.
"ఒకటి" అన్నాను, దుప్పటి లోంచే.

అందరూ నవ్వారని పత్రికలో ఉంది.
ఎవరూ నవ్వలేదు.
"అయితే నేను వెళ్ళొచ్చా? పొద్దున్నే డ్యూటీ"
అన్నాడు మినెగిషి.
మెట్ల మీద వాడి బూట్ల చప్పుడు,
మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ.

తర్వాత నవలలు. తర్వాత బొమ్మల సినిమా.
ఒకరోజు ఒసాకాలో, టీవీల దుకాణం అద్దం వెనక
పన్నెండు తెరల మీద వాడు ఒకేసారి చచ్చిపోతున్నాడు.
మంచు కురుస్తోంది. మా ఆటలో అది వేసవి.
ఎవరిదో గంభీరమైన గొంతు వాడిది,
ఎల్ఫ్ ఏడుస్తోంది
పడిశం లేని ముక్కుతో.
బడిసంచీ పిల్లాడొకడు
అద్దానికి నుదురు ఆనించి కదలడం లేదు.
బాబూ, ఏం లేదు, రైలు తప్పిపోతుందని,
అని చెప్పాలనిపించింది.
వాడి ఊపిరికి అద్దం మసకబారుతోంది.
నోరు మూసుకుని వచ్చేశాను.

పోయిన ఫిబ్రవరిలో మా మందుల షాపుకి వచ్చాడు,
నడుంనొప్పి పట్టీల కోసం.
తల నెరిసింది. వేళ్ళ సందుల్లో నూనె నలుపు మాత్రం అదే.
"ఆ రాత్రి అది ఒకటి కాదేమో"
అన్నాను, చిల్లర లెక్కపెడుతూ.
"ఏ రాత్రి?"
"వంతెన."
చాలాసేపు పైకప్పు కేసి చూశాడు.
"హీటరుకి నా మేజోడు కాలింది, అదేనా?
కొత్తవి కొనిస్తానన్నావు, హిసానో."

తలుపు గంట మోగింది, వెళ్ళిపోయాడు.
నలభై ఏళ్ళు మోసినదాన్ని
గల్లాపెట్టె పక్కన పెట్టుకుని నిలబడ్డాను.
ఎదుటి అరలో ఊలు మేజోళ్ళు వేలాడుతున్నాయి,
ముదురు నీలం, జత ఆరువందల ఎనభై యెన్‌లు.
ఒక జత పీక్కుని
తెల్లకోటుతోనే రోడ్డు మీదికి పరిగెత్తాను.

కాలవ వంతెన మీద సగం దూరం వెళ్ళాడు,
ఒక చెయ్యి నడుం మీద వేసుకుని.
ఆగమని కేకెయ్యబోయాను,
తుమ్మొచ్చింది.